బెంగళూరు గాలిలో ఆర్సీ విమానానికి ఇంజిన్, ప్రాప్ జత కుదర్చడం ఎలా

ఆర్సీ, అంటే రేడియోతో నడిపే చిన్న విమానాలకు వాడే 46 సైజు గ్లో ఇంజిన్ (మెథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) మాన్యువల్ తెరిస్తే నాలుగైదు ప్రాప్, అంటే ప్రొపెల్లర్, సైజులు రాసి ఉంటాయి. అందులో ఒకటి కొని బిగిస్తే ఇంజిన్ చక్కగానే తిరుగుతుంది. విమానం మాత్రం రన్‌వే చివరిదాకా పరిగెత్తి లేవనా వద్దా అన్నట్టు ఊగుతుంది, లేదా దిగేటప్పుడు ఎంత థ్రాటిల్ తగ్గించినా ఆగకుండా జారిపోతుంది. ఇంజిన్ చేసినవాడికి తన ఇంజిన్ గురించే తెలుసు. మీ విమానం బరువెంతో, రెక్క ఎంత పెద్దదో, సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున్న ఊళ్లో ఎగరేస్తున్నారో అతనికి తెలియదు. పెళ్లికొడుకు జాతకం ఒక్కటే చూసి ముహూర్తం పెట్టుకున్నట్టుంటుంది, పెట్టె మీది అంకె చూసి ప్రాప్ కొంటే. మొదలుపెట్టాల్సింది విమానం వైపు నుంచి. దానికి కావాల్సిన వేగం, లాగుడు తేల్చుకోవాలి. ఆ పని చేసే ప్రాప్ వెతకాలి. ఆ ప్రాప్‌ను తిప్పగల ఇంజినో మోటారో ఆఖర్న చూడాలి.

ప్రాప్ మీద 11×6 అని ఉంటే 11 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ అని అర్థం. వెన్నముద్దలోకి స్క్రూ దింపినట్టు, ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పేది పిచ్. వ్యాసం పెరిగితే లాగుడు పెరుగుతుంది, పిచ్ పెరిగితే వేగం పెరుగుతుంది. నంది కొండ ఘాట్‌లో బైక్ గేరు తగ్గిస్తాం కదా, తక్కువ పిచ్ ప్రాప్ పనీ అలాంటిదే.

1. తూకం, రెక్క కొలత

విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేసి తూచండి. బ్యాటరీ, రిసీవర్, సర్వోలు, నిండు ట్యాంకు అన్నీ ఉండాలి. 5 కిలోల దాకా తూచే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఇంజిన్ ఇంకా కొనకపోతే దాని బరువు కలపడం మరవకండి. 46 సైజు ఇంజిన్ సైలెన్సర్‌తో కలిపి దాదాపు అర కిలో ఉంటుంది.

రెక్క పొడవును సగటు వెడల్పుతో గుణిస్తే వైశాల్యం వస్తుంది. డెసిమీటర్లలో, అంటే 10 సెంటీమీటర్ల లెక్కన వేసుకుంటే అంకెలు చిన్నవిగా ఉంటాయి. 160 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు ఉన్న ట్రైనర్ రెక్క 16 × 2.8, సుమారు 45 చదరపు డెసిమీటర్లు. బరువు 2,500 గ్రాములైతే ఒక్కో చదరపు డెసిమీటరు మీద దాదాపు 56 గ్రాములు పడుతుంది. దీన్నే వింగ్ లోడింగ్ అంటారు.

ఈ అంకెకు వర్గమూలం కట్టి 4.5తో గుణిస్తే స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం, గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 56 వర్గమూలం 7.5, కాబట్టి సుమారు 34 కి.మీ. ఇది బెంగళూరు మధ్యాహ్నం గాలికి, మామూలు ట్రైనర్ తరహా రెక్కకు వేసిన లెక్క. చెన్నైలో అయితే 4.3తో గుణించాలి. అంటే ఒకే విమానం ఇక్కడ దాదాపు 5 శాతం ఎక్కువ వేగంతో నేలకు దిగుతుంది. తీరప్రాంతంలో నేర్చుకుని ఇక్కడికొచ్చినవాళ్లు మొదటి రెండు మూడు ల్యాండింగులు గట్టిగా కొట్టడానికి అదొక కారణం.

2. పిచ్ స్పీడు

ప్రాప్ ఏమాత్రం జారకుండా గాలిలో దూసుకుపోతే వచ్చే వేగం ఇది. ఆర్పీఎంను, అంటే నిమిషానికి తిరిగే చుట్లను, వేలల్లో తీసుకుని పిచ్‌తోనూ, 1.5తోనూ గుణించండి. 12 వేల ఆర్పీఎం, 5 పిచ్ అయితే 12 × 5 × 1.5, అంటే గంటకు 90 కి.మీ.

ట్రైనర్‌కు పిచ్ స్పీడు స్టాల్ వేగానికి రెండున్నర నుంచి మూడు రెట్లుంటే హాయిగా ఎగురుతుంది. పై విమానానికి 85 నుంచి 100 కి.మీ. అన్నమాట. 46 ఇంజిన్ 11×5ను 12 వేల దగ్గర తిప్పితే 90 వస్తుంది, సరిపోయింది. అదే ఇంజిన్‌కు 10×7 వేసి 12,500 దగ్గర తిప్పితే 130 దాటుతుంది. లావుపాటి రెక్కున్న ట్రైనర్ ఆ వేగాన్ని ఎలాగూ అందుకోదు. ఆ పిచ్ అంతా వృథా, పైగా థ్రాటిల్ పూర్తిగా తగ్గించిన ఐడిల్‌లో కూడా ముందుకు తోస్తూ ల్యాండింగ్ పాడు చేస్తుంది. ఏరోబాటిక్ స్పోర్ట్ విమానానికి మూడు నుంచి నాలుగు రెట్లు పెట్టుకోవచ్చు. ముక్కు పైకెత్తి గాలిలో వేలాడే 3డీ విమానానికి వ్యాసం ముఖ్యం, పిచ్ తక్కువే ఉండాలి.

రెట్టింపు కంటే తగ్గితే మాత్రం ప్రమాదం. ప్రాప్ పెద్దది, లాగుడు బ్రహ్మాండం, నేల మీద తోక పట్టుకుంటే చేయి లాగేస్తుంది. గాలిలో ఎదురుగాలి తగలగానే ముందుకు కదలదు.

3. వ్యాసానికి హద్దు

వ్యాసానికి మొదటి హద్దు నేల. విమానాన్ని టేకాఫ్ పరుగులో ఉండే భంగిమలో నిలబెట్టి, ఇరుసు నుంచి నేలకు కొలవండి. తారు రన్‌వే అయితే ప్రాప్ అంచుకూ నేలకూ కనీసం ఒక అంగుళం, గడ్డి మైదానమైతే రెండంగుళాలు వదలాలి. ఎర్రమట్టి, గులకరాళ్లు ఉన్న చోట ఇంకొంచెం వదిలినా తప్పులేదు. ప్రాప్ పీల్చిన చిన్న రాయి అంచు మీద గీత పెడుతుంది, ఆ గీత దగ్గరే తర్వాతెప్పుడో బ్లేడు విరుగుతుంది.

రెండో హద్దు ప్రాప్ తట్టుకోగల ఆర్పీఎం. ప్రాప్‌లు తయారుచేసే ఏపీసీ కంపెనీ లెక్కలో గ్లో ప్రాప్‌లకు 1,90,000ను, సన్నటి ఎలక్ట్రిక్ ప్రాప్‌లకు 1,50,000ను, నిదానంగా ఎగిరే విమానాల స్లో ఫ్లయర్ ప్రాప్‌లకు 65,000ను అంగుళాల వ్యాసంతో భాగించాలి. 10 అంగుళాల స్లో ఫ్లయర్‌కు హద్దు 6,500 అన్నమాట. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో డ్రోన్ సామాన్లతో పాటు చవగ్గా దొరికే పల్చటి 1045 (10×4.5) ప్రాప్‌లు కూడా ఆ తరహావే. 1000 కేవీ (వోల్టుకు 1000 చుట్లు) మోటారు, 3 సెల్ బ్యాటరీ మీద అవి 7,000 సులువుగా దాటేస్తాయి. క్వాడ్‌కాప్టర్‌లో నడిచింది కదా అని విమానం ముక్కుకు బిగించకండి. ఎలక్ట్రిక్ మోటారుకు గ్లో ప్రాప్ వాడితే కొంత బరువు తప్ప నష్టం లేదు. గ్లో ఇంజిన్‌కు ఎలక్ట్రిక్ ప్రాప్ మాత్రం ఎన్నడూ వేయకూడదు. సిలిండర్‌లో పేలే ఒక్కో దెబ్బకూ ప్రాప్ నడిమి భాగం, అంటే హబ్, చీలిపోతుంది.

మూడు బ్లేడుల ప్రాప్ వేయాలనుకుంటే ఒక అంగుళం వ్యాసం తగ్గించండి. 11×7 రెండు బ్లేడులకు బదులు 10×7 మూడు బ్లేడులు. చూడ్డానికి బావుంటుంది, నేల ఎడం కలిసొస్తుంది. అంతకుమించి లాభం లేదు.

4. బరువంకె

ఒక ప్రాప్ తిప్పడం ఎంత కష్టమో పోల్చుకోవడానికి తేలికైన లెక్క ఉంది. వ్యాసాన్ని నాలుగుసార్లు వేసి గుణించి (10 అయితే 10 × 10 × 10 × 10), పిచ్‌తో గుణించండి, అదే బరువంకె. 10×6కు 60,000 వస్తుంది. 11×4కు 58,564. 9×9కు 59,049. మూడూ ఒకే ఇంజిన్‌కు ఇంచుమించు ఒకే భారం. అంటే వ్యాసం ఒక అంగుళం పెంచినప్పుడు పిచ్ రెండు మూడంగుళాలు తగ్గించాలి. వేర్వేరు కంపెనీల బ్లేడు వెడల్పు, మందం వేరుగా ఉంటాయి కాబట్టి ఇది ఒకే కంపెనీ, ఒకే రకం ప్రాప్‌ల మధ్య పోలికకే పనికొస్తుంది.

5. ఏ ఇంజిన్, ఏ మోటారు

గ్లో ఇంజిన్ల సైజు ఘనపు అంగుళాల్లో చెబుతారు. 46 అంటే 0.46 ఘనపు అంగుళం, 7.5 సీసీ. వాడుకలో కుదిరిన జతలు ఇవి. 15 సైజుకు 8×4. 25కు 9×4 లేదా 9×5. 40కి 10×6. 46కు 10×6 నుంచి 11×6. 60కి 11×7 లేదా 12×6. ఫోర్‌స్ట్రోక్ 70కి 13×6, 91కి 14×6 లేదా 13×8. పెట్రోలు ఇంజిన్లలో 20 సీసీకి 16×8 లేదా 17×6, 30 సీసీకి 18×8 లేదా 19×8, 50 సీసీకి 22×8. టూస్ట్రోక్‌తో పోలిస్తే ఫోర్‌స్ట్రోక్ తక్కువ ఆర్పీఎంలో పెద్ద ప్రాప్ తిప్పుతుంది, ముక్కు లావుగా ఉన్న పాతకాలపు స్కేల్ విమానాలకు అదే నప్పుతుంది.

ఇక ఎలక్ట్రిక్. మోటారు మీద రాసే అంకెల దగ్గరే సగంమంది పప్పులో కాలేస్తారు. 2212 అన్నప్పుడు లోపలి స్టేటర్ 22 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. ఎత్తు. 3536 లాంటి అంకెలు చాలావరకు బయటి డబ్బా కొలతలు. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక వోల్టుకు ఎన్ని చుట్లో. అది బలం అంకె కాదు. కేవీ ఎక్కువైతే చిన్న ప్రాప్, తక్కువైతే పెద్ద ప్రాప్, అంతే.

ముందు వాట్లు తేల్చండి. నిదానంగా ఎగిరే తేలికపాటి విమానానికి కిలోకు 110 నుంచి 150 వాట్లు, ట్రైనర్‌కు 155 నుంచి 200, స్పోర్ట్ ఏరోబాటిక్‌కు 200 నుంచి 240, 3డీకి 300 పైమాటే. ఇవన్నీ బ్యాటరీ దగ్గర వాట్‌మీటరు చూపే వాట్లు.

ఒక ఉదాహరణ చివరిదాకా కడదాం. 1.2 కిలోల ట్రైనర్, రెక్క 30 చదరపు డెసిమీటర్లు. వింగ్ లోడింగ్ 40, స్టాల్ సుమారు 28 కి.మీ., పిచ్ స్పీడు 70 నుంచి 85 కావాలి. కిలోకు 180 వాట్ల చొప్పున 216. 1000 కేవీ మోటారు, 3 సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అనుకుందాం. లోడు మీద బ్యాటరీ 10.6 వోల్టులకు దిగుతుంది, మోటారు తన కేవీ లెక్కలో నాలుగింట మూడొంతుల చిల్లర తిరుగుతుంది, అంటే సుమారు 8 వేలు. ఈ ఊరి గాలిలో 10×7 వేస్తే లెక్క ప్రకారం 200 వాట్ల దగ్గర, పిచ్ స్పీడు 86, నిలబడి లాగే లాగుడు 900 గ్రాములు. 11×5.5 వేస్తే 220 వాట్లు, పిచ్ స్పీడు 66 (కావాల్సినదానికి కాస్త తక్కువ), లాగుడు 1,100 గ్రాములు. చిన్న మైదానం నుంచి చేత్తో విసిరి ఎగరేసేవారికి రెండోది, గాలి ఎక్కువగా ఉండే చోట మొదటిది. రెండిటికీ 22 ఆంపియర్లు మించవు కాబట్టి 40 ఆంపియర్ల ఈఎస్సీ (మోటారు వేగాన్ని నడిపే కంట్రోలర్) పెట్టుకుంటే నిశ్చింత. 30 కూడా నడుస్తుంది, కానీ కౌలింగ్ (ముక్కు కప్పు) లోపల గాలి ఆడకపోతే మధ్యాహ్నం ఎండలో అది ఆగిపోతుంది.

పెద్ద ప్రాప్ పెట్టినప్పుడు ఈ రెండు జాతులూ స్పందించే తీరు వేరు. ఇంజిన్ మొరాయిస్తుంది, ఆర్పీఎం తగ్గించుకుంటుంది, వేడెక్కి టకటకమంటుంది. మోటారుకు ఆ తెలివి లేదు. అడిగినన్ని ఆంపియర్లు లాక్కుంటూ తన ఆర్పీఎం నిలబెట్టుకోవడానికే చూస్తుంది, వైండింగ్ మీది వార్నిష్ కాలిన వాసన వచ్చేదాకా మనకు ఏమీ తెలియదు.

6. బెంగళూరు గాలి చేసే మాయ

30 డిగ్రీల ఎండలో చెన్నై గాలి ఘనపు మీటరుకు దాదాపు 1.16 కిలోలు, బెంగళూరు గాలి 1.04. పదిశాతం పల్చన. ఇక్కడే 18 డిగ్రీల ఉదయానికీ 33 డిగ్రీల మధ్యాహ్నానికీ మరో 5 శాతం తేడా ఉంటుంది.

గ్లో, పెట్రోలు ఇంజిన్ల విషయంలో పల్చటి గాలి రెండు పనులు ఒకేసారి చేస్తుంది. ఆక్సిజన్ తగ్గి ఇంజిన్ బలం పదిశాతం పోతుంది. ప్రాప్ కోయాల్సిన గాలి కూడా పదిశాతం తేలికవుతుంది. రెండూ సరితూగి ఆర్పీఎం ఇంచుమించు మారదు. ఆర్పీఎం కొలిచే టాకోమీటరు చెన్నైలో చూపిన అంకే చూపిస్తుంది, మీరు అంతా బాగుందనుకుంటారు, లాగుడు మాత్రం పదిశాతం తక్కువ. ఇక్కడ బరువంకె పెంచితే పప్పు ఉడకదు, ఎందుకంటే ఇంజిన్ దగ్గర అదనపు బలం లేదు. బరువంకె అదే ఉంచి పిచ్‌ను వ్యాసంగా మార్చుకోవాలి. 10×6 బదులు 11×4. పిచ్ స్పీడు మూడోవంతు దాకా పోతుంది, లాగుడు తిరిగొస్తుంది.

ఎలక్ట్రిక్‌కు సూత్రం వేరు. బ్యాటరీకి ఆక్సిజన్‌తో పనిలేదు. గాలి తేలికయ్యేసరికి ఆర్పీఎం కాస్త పెరిగి, ఆంపియర్లు తగ్గుతాయి. మోటారు దగ్గర మిగులు బలం ఉంది, దాన్ని వాడుకోవాలి. తయారీదారు పట్టికలో 10×6 ఉంటే బరువంకె పదిశాతం పెరిగేలా ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు. అయితే 10×7కు వెళ్లినా దాదాపు 17 శాతం పెరిగినట్టే, కాబట్టి వాట్‌మీటరు లేకుండా ఈ మెట్టు ఎక్కవద్దు. పల్చటి గాలి చల్లబరచడమూ తక్కువేనని మరవకండి.

7. బ్యాలెన్స్, బిగింపు

కొత్త ప్రాప్ అయినా బ్యాలెన్సర్ మీద పెట్టి చూడాలి. బరువైన బ్లేడు కిందికి దిగుతుంది. దాని వెనక చదును వైపు, కొస నుంచి మధ్య దాకా, 400 నంబరు నీటి గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దండి. ముందరి వంపును, అంచులను ముట్టుకోకండి. గీరడం ఇష్టం లేకపోతే తేలిక బ్లేడు వెనక వార్నిష్ చుక్క పూయవచ్చు. రెండు బ్లేడులూ అడ్డంగా నిలబడినా, నిలువుగా పెట్టినప్పుడు ఒకవైపు తిరిగిపోతుంటే లోపం హబ్‌లో ఉంది, బరువైన వైపు హబ్ పక్కన కాస్త రుద్దాలి. విరిగి అతికించిన ప్రాప్, అంచు చిట్లిన ప్రాప్ చెత్తబుట్టకే. జిగురు పెట్టిన బ్లేడు 12 వేల ఆర్పీఎంలో ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

రంధ్రం పెద్దది చేయాలంటే ప్రాప్ రీమర్ వాడండి. డ్రిల్ బిట్ పక్కకు లాగి మధ్యబిందువు తప్పిస్తుంది. సైజు అక్షరాలున్న వైపు విమానం ముందుకు ఉండాలి. ఇది చిన్నపిల్లలకు చెప్పే మాటలా అనిపించినా, తిరగేసి బిగించి "ఇంజిన్‌లో దమ్ము లేదు" అని వాపోయేవాళ్లు ప్రతి మైదానంలో కనిపిస్తారు. తిరగేసినా ప్రాప్ ముందుకే లాగుతుంది, సగం సగం లాగుతుంది, అందుకే దొరకదు. చెక్క ప్రాప్ వాతావరణాన్ని బట్టి కుంచించుకుంటుంది, వానాకాలంలో బిగించిన నట్టు వేసవికి వదులవుతుంది. ప్రతి పూట మొదట్లో స్పానర్ వేసి చూడండి.

8. నేల మీద పరీక్ష

విమానాన్ని ఒకరు వెనకనుంచి గట్టిగా పట్టుకోవాలి. ప్రాప్ తిరిగే గీతకు పక్కన ఎవరూ నిలబడకూడదు. మెడలో వేలాడే ట్రాన్స్‌మిటర్ పట్టీ తీసేయండి. ఇంజిన్‌కు ఇంధనం ఎంత వెళ్లాలో సర్దే నీడిల్ తిప్పడానికి వంగినప్పుడు అది నేరుగా ప్రాప్‌లోకి వెళ్తుంది. నీడిల్ సర్దడం, గ్లో క్లిప్ (స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్‌ను వేడిచేసే బ్యాటరీ క్లిప్పు) తీయడం ఎప్పుడూ వెనకనుంచే.

టాకోమీటరు నిజం చెబుతోందో లేదో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు చెబుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఆ దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. రెండు బ్లేడుల సెట్టింగులో పెట్టి దానివైపు చూపిస్తే సరిగ్గా 3,000 చూపాలి.

గ్లో ఇంజిన్‌ను పూర్తి థ్రాటిల్‌లో పెట్టి, ఆర్పీఎం శిఖరానికి చేరేదాకా నీడిల్ మూసి, అక్కడినుంచి 200 నుంచి 300 ఆర్పీఎం తగ్గేలా తెరవండి. కొత్త ఇంజిన్ అయితే ఇంకాస్త తెరిచే ఉంచాలి. తర్వాత ముక్కు ఆకాశంవైపు ఎత్తి 10 సెకన్లు పట్టుకోండి. శబ్దం నీరసిస్తే ఇంధనం చాలడం లేదని అర్థం, ఒకటి రెండు క్లిక్కులు తెరవండి. మనవాళ్లు ఎక్కువగా వాడే 80 పాళ్ల మెథనాల్, 20 పాళ్ల ఆముదం మిశ్రమంలో నైట్రోమీథేన్ ఉండదు. కాబట్టి నైట్రో ఇంధనంతో చేసిన పరీక్షల ఆర్పీఎం మీకు రాదు, ఇంజిన్‌ను తప్పుపట్టకండి. మెథనాల్ మంట పగటిపూట కంటికి కనబడదు, తడిబట్ట దగ్గర పెట్టుకోండి.

ఎలక్ట్రిక్‌కు నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీతో, వాట్‌మీటరు మధ్యలో పెట్టి, పూర్తి థ్రాటిల్‌లో 10 సెకన్లకు అంకె రాసుకోండి. ఈఎస్సీ, మోటారు రెంటిలో తక్కువ హద్దు ఏదైతే దానికి 80 శాతం లోపు ఉండాలి. థ్రాటిల్ పరిధి సెట్ చేసేటప్పుడు మాత్రం ప్రాప్ విప్పేయండి.

9. గాలిలో గమనించాల్సినవి

ఎగరేసే ముందు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ మైదానం ఏ జోన్‌లో ఉందో చూడండి. దేవనహళ్లి, యలహంక, జక్కూరు, హెచ్‌ఏఎల్ ఇలా ఊరి చుట్టూ ఇన్ని రన్‌వేలున్న చోట ఖాళీ స్థలం కనబడగానే ఎగరేయడం కుదరదు.

గాలిలో ప్రాప్ భారం తగ్గి ఆర్పీఎం నేల మీదకంటే 5 నుంచి 10 శాతం పెరుగుతుంది. నేల మీదే హద్దు అంచున ఉన్న చిన్న ప్రాప్ పైన హద్దు దాటుతుంది. నిలువుగా ఎక్కేటప్పుడు శబ్దం బాగా బరువెక్కి, సమంగా ఎగిరేటప్పుడు మామూలైతే పిచ్ ఎక్కువ. ఎక్కడం బ్రహ్మాండంగా ఉండి, సమంగా ఎగిరేటప్పుడు శబ్దం కీచుమంటూ వేగం మాత్రం పెరగకపోతే పిచ్ తక్కువ. థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంటే ప్రాప్ పెద్దదైంది, ఇంజిన్ మౌంటుకు వెనక వాషర్లు పెట్టి కుడివైపు ఒకటి రెండు డిగ్రీలు తిప్పండి. దిగగానే మోటారును ముట్టుకోండి. రెండు మూడు సెకన్లు కూడా వేలు ఆన్చలేకపోతే అంగుళం తగ్గించాల్సిందే. గ్లో ఇంజిన్ సైలెన్సర్ నుంచి వచ్చే నూనె నల్లగా ఉంటే ఇంధనం చాలక ఇంజిన్ వేడెక్కుతోంది, లేదా భారం ఎక్కువైంది. ముందు నీడిల్ తెరిచి చూడండి, తగ్గకపోతే ప్రాప్ మార్చండి.

ప్రాప్, ఆర్పీఎం లేదా వాట్లు, ఆ పూట ఉష్ణోగ్రత, నీడిల్ ఎన్ని చుట్లు అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. సెలవులకు ఇదే విమానాన్ని చెన్నై తీసుకెళ్తే ఆ పుస్తకమే ఆదుకుంటుంది. ఇక్కడి పల్చటి గాలికి సర్దిన నీడిల్ అక్కడి చిక్కటి గాలికి ఇంధనం చాలనివ్వదు. స్టార్ట్ చేయకముందే నాలుగైదు క్లిక్కులు తెరిచి, అక్కడ మళ్లీ మొదటినుంచి సర్దుకోండి. ఇక్కడ ఒక మెట్టు పెంచిన ఎలక్ట్రిక్ ప్రాప్‌ను విప్పి పాతది బిగించుకోండి, లేకపోతే ఆంపియర్లు అక్కడ పదిశాతం పెరుగుతాయి.